నజీబా బంధువుల దీవి

నజీబాతో కలిసి ఎక్కడికి బయల్దేరినా తల ప్రాణం తోకకొస్తుంది. ఇక్కడ స్ఫాక్స్‌లో కాలేజీ పక్కన కూరగాయల దుకాణానికి వెళ్ళినా సరే, దారిలో తన కెర్కెనా దీవి వాళ్ళెవరైనా కనిపిస్తే చాలు, వాళ్ళ అమ్మమ్మ మోకాళ్ళ నొప్పుల దగ్గర్నుంచి పడవ మరమ్మతు దాకా అన్నీ కనుక్కుంటే గాని కదలదు. అలాంటి మనిషిని నమ్ముకుని ఆమె సొంత దీవికే బయల్దేరాం. ఇంకెవరిని అనాలి?

ఇదంతా ఖౌలా కోసం. కస్సెరీన్ కొండల్లో పుట్టిన పిల్ల. మూడేళ్ళు మాతో చదివింది గాని సముద్రంలో కాలు పెట్టలేదు. మా స్ఫాక్స్ సముద్రం ఓడలకు పనికొస్తుంది, స్నానానికి కాదు. పరీక్షలు అయిపోయాయి. మర్నాడు ఆమెను తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న వస్తున్నాడు. ఊళ్ళో బడి ఉద్యోగం ఎదురుచూస్తోంది. మళ్ళీ ఇటువైపు ఎప్పుడొస్తుందో ఆమెకే తెలియదు. ఒక్కసారి తల తడిసేలా సముద్రంలో మునగాలి, అంతకన్నా ఏమీ వద్దని వారంగా నా ప్రాణం తీసింది.

పొద్దున్నే ఫెర్రీ ఎక్కి దీవిలో దిగాం. రేవులోనే బీచ్ దాకా వెళ్ళే బస్సు ఉంది. హమ్మయ్య అనుకుని కూర్చున్నామో లేదో, దారిలో ఒక్క నిమిషం దిగుదామంది నజీబా. ఫెర్రీలో వాళ్ళ మేనత్త కొడుకు మమ్మల్ని చూశాడట. అతను చూశాడంటే మేనత్తకు ఈపాటికి కబురు అందే ఉంటుంది. దీవిలో కాలు పెట్టి తన గడప తొక్కకుండా పోతే, ఆవిడ బతికున్నంత కాలం నజీబా వాళ్ళమ్మను దెప్పుతుందట.

మేనత్త నారింజపూల నీళ్ళు చుక్క వేసి కాఫీ ఇచ్చింది. అక్కడ తాగి, పక్కింట్లో పిన్ని దగ్గర తాగకపోతే పిన్నికి కోపం. పిన్ని అప్పుడే ఎండు ఆక్టోపస్ పొయ్యి మీద పెట్టింది. అది ఉడకాలి కదా! ఉడికేలోపు రెండు బస్సులు కిటికీ ముందే వెళ్ళిపోయాయి. మూడోది ఎక్కితే, పెదనాన్న ఇంటి ముందు మళ్ళీ దిగాం. ఖౌలా మాత్రం ప్రతి ఇంట్లోనూ పెట్టింది తింటూ మర్యాదగా నవ్వుతూనే ఉంది. అది చూస్తుంటే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

పెదనాన్న గుమ్మంలోనే నజీబా చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇంకా ఎంతమందున్నారే మీవాళ్ళు?"

"దీవిలోనా?" ఆమె నిజంగానే ఆలోచించింది. "అందరూ మావాళ్ళేనే."

బీచ్ చేరేసరికి సాయంత్రమైంది. ఆఖరి ఫెర్రీకి వెళ్ళే బస్సు వచ్చే వేళ. పైగా ఆటు సమయం, నీళ్ళు ఎక్కడికో వెనక్కి పోయాయి. ఖౌలా బట్టలతోనే నీళ్ళలోకి నడిచింది. ఎంత దూరం నడిచినా నీళ్ళు ఇంకా మోకాలు దాటలేదు. నేను ఒడ్డున నిలబడి ఒకసారి వాచీ, ఒకసారి ఆమె వీపు చూస్తున్నాను. అప్పుడే రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. ఖౌలా ఆగి, వెనక్కి తిరిగి, మా వైపు నడవడం మొదలుపెట్టింది. తలొంచుకుని నడుస్తోంది. నజీబాను అక్కడే ఇసుకలో పాతిపెట్టాలనిపించింది నాకు.

నజీబా బస్సు దగ్గరికి పరిగెత్తింది. తిట్టడానికి నేనూ వెనకే వెళ్ళాను. డ్రైవరు కూడా వరసకు ఆమె మేనమామే, ఇంకెవరవుతాడు?

"మావయ్యా, ఆ పిల్లది కొండల ఊరు. ఇంతవరకూ సముద్రంలో మునగలేదు. రేపు వెళ్ళిపోతోంది."

ఆయన ఖౌలాను చూసి ఇంజను ఆపేశాడు. ఫెర్రీ వెళ్ళిపోతే ఎలాగని వెనక సీట్లోంచి ఒకాయన గొణిగాడు.

"దాని కెప్టెన్ నా బావమరిది. నా బస్సును వదిలేసిపోతే వాళ్ళక్కకి మొహం ఎలా చూపిస్తాడు?"

అంతే, బస్సులోని వాళ్ళంతా దిగారు. చేపల బుట్ట పట్టుకున్న ఒక ముసలావిడ ఇసుకలోకి వచ్చి, ఇంకా లోపలికి వెళ్ళమని, జుట్టు తడవకపోతే మునిగినట్టు కాదని కేకేసింది. ఖౌలా మళ్ళీ అటు తిరిగింది. ఇంకా చాలా దూరం నడిచి నడుము లోతు దాకా వెళ్ళింది. ఆ తర్వాత తల కనిపించలేదు. పైకి లేచి మళ్ళీ మునిగింది. మూడోసారి లేచినప్పుడు ఏదో అరిచింది గాని, గాలికి మాకు వినపడలేదు.

బస్సు కదిలింది. ఖౌలా సీటంతా తడిపేసి, ముసలావిడ ఇచ్చిన శాలువా కప్పుకుని ఏడుస్తూ నవ్వుతోంది. పొద్దున్నుంచి దాచుకున్న తిట్లన్నీ ఇప్పుడైనా తిడదామని నజీబా వైపు తిరిగాను. ఆమె నా బూట్ల వైపు చూస్తోంది.

"సౌసన్, నువ్వు నీళ్ళలో దిగనే లేదేమే?"

మావయ్య అద్దంలోంచి నన్ను చూసి బ్రేకు మీద కాలేశాడు. "ఏమ్మా, ఆపనా?"

బస్సంతా నా వైపు తిరిగింది. ఫెర్రీ టైమైపోయింది, వద్దు, పోనివ్వండి అని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ వంగి బూట్లు విప్పడం మొదలుపెట్టాను.