మా పెద్దోడు చెప్పిన ఆరాధన మాట

మా పెద్దోడు పోయినాడు. కోడుమూరు పక్క మా పల్లెలో చిన్న ప్రార్థన మందిరానికి పాస్టరుగా ఉన్నోడు. కామెర్లు ముదిరి, కర్నూలు ఆసుపత్రిలో పానం ఇడిసినాడు. మీలో శానామందికి ఈ సంగతి తెలిసే ఉంటాది. తెలియనోళ్ళకు తల్లిని నేనే చెప్తాండా. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, రాతలో తప్పులుంటే ఓర్చుకోండి.

ఒక భయం నన్ను తింటాండాది. వాడు పోయినప్పటి నుంచి నా నోట ప్రార్థన రాదు. మోకాళ్ళేస్తా, కండ్లు మూసుకుంటా, ఏమీ రాదు. బిడ్డతో పాటు దేవుణ్ణి కూడా పోగొట్టుకున్నానా అనిపిస్తాది. అందుకే వాడు చెప్పిన ఒక మాట పట్టుకోని ఇది రాస్తాండా.

కడపలో బైబిలు బడిలో వాక్యం చదువుకునేటప్పుడు, సెలవులకొస్తే నాతో కూసోని విత్తనానికి శెనక్కాయలు ఒలిచేవాడు. ఒలిచేది తక్కువ, నోట్లో ఏసుకునేది ఎక్కువ.

"విత్తనమంతా నీ కడుపులోనే ఇత్తుతాండావు గదరా" అంటే నవ్వేవాడు.

అట్లా ఒలుస్తానే ఒకనాడు చెప్పినాడు. "మా, బైబిల్లో కొంచెం భాగం అరామిక్ అనే పాత భాషలో ఉండాది. దాంట్లో ఆరాధనకు రెండు మాటలు. సగిద్ అంటే సాగిలపడేది. పెలఖ్ అంటే సేవ చేసేది, ఒకరి దగ్గర పనికి నిలబడేది. సింహాల గుంటలో ఏసిన భక్తుని కథ ఉండాది చూడు, తెల్లారి రాజు గుంట దగ్గరికి ఉరికొచ్చి, నువ్వు పెలఖ్ చేసే దేవుడు నిన్ను కాపాడినాడా అని అడుగుతాడు."

"మోకాళ్ళు ఏస్తేనే గదరా దేవునికి కనపడేది?"

"ఏసేది ఏస్తానే ఉండు మా. లేసినాక ఏం చేస్తావో, అది కూడా ఆయన చూస్తాడు."

నాకు సగమే అర్థమైనాది. తక్కినది వాడు పాస్టరై వచ్చినాక అర్థమైనాది. మావి మెట్ట సేండ్లు. వానొచ్చి నేల పదునైతే ఆ పొద్దే ఇత్తల్ల, రేపంటే తేమ ఆరిపోతాది. ఒక శనివారం సాయంత్రం మంచి వాన పడినాది. తెల్లారి వాడు గుడి ముందర నిలబడి, "ఆరాధన సాయంత్రానికి పెట్టుకుందాం, పోయి ఇత్తుకోండి, అది కూడా పెలఖే" అని ఆ మాటకు అర్థం చెప్పినాడు.

మా సంఘపెద్ద కోపం చేసుకున్నాడు. "ఏమప్పా పాస్టరూ, ఆదివారం గుడికి తాళమేసి ఇత్తే గొర్రు పట్టమంటావా?"

"తాళం ఎందుకు పెదనాయనా, తెరిచే ఉంటాది" అని, వాడు మొగదిక్కు లేని ఒకామె సేనికి పోయి, గొర్రు ఎనకాల పొద్దుగూకేదాకా నడిచినాడు. సాయంత్రం గుడంతా మట్టికాళ్ళే. సంఘపెద్ద గడప కాడ ఆగి, "కాళ్ళు కడుక్కోని రావల్లనా, మీ పాత భాషలో ఇట్లే రావచ్చునా?" అని ఎగతాళి చేసినాడు.

"ఇట్లే రా పెదనాయనా. పొద్దున్నుంచి ఆరాధనలోనే ఉండావు."

ఆ పెద్దమనిషే మొన్న వాడి పెట్టెను ముందుపక్క భుజం మీద మోసినాడు.

ఆసుపత్రిలో నేను వాడి మంచం పక్కన మోకాళ్ళ మీదనే ఉన్నా. వాడి కండ్లు పసుపు ముద్దలు. మాట సన్నగా వచ్చినాది. "మా, పక్క మంచం తాత నీళ్ళు అడుగుతాండాడు. నీకు ఇనపడలేదా?"

"నీకోసం ప్రార్థన చేస్తాండా రా."

"అది కూడా ప్రార్థనే. పో మా."

నాకు కోపమొచ్చినాది. నా బిడ్డ పోతాంటే ఊరోళ్ళ దాహం నాకెందుకు? అయినా లేసినా. ఆ తాత తల ఎత్తిపట్టి నీళ్ళు తాపి తిరిగొస్తే, వాడు నన్నే చూస్తాండాడు. పెండ్లినాడు కూడా వాడి మొగంలో అంత సంతోషం చూడలేదు.

మొన్న ఆదివారం నేను గుడికి పోలేదు. వాడు పోయినప్పటి నుంచి వాడి పెండ్లాం, నా కోడలు, సరిగా ముద్ద ముట్టలేదు. గోడ తట్టు తిరిగి పండుకోనుండాది. జొన్నరొట్టె తట్టి, ఇంత పప్పేసి, ఆ పిల్ల ముందర కూసున్నా.

"వద్దత్తా."

"నాకోసం తిను మా."

తుంచి నోటి దగ్గర పెట్టి, చెయ్యి దించకుండా అట్లే కూసున్నా. అవతల గుడిలో పాట ఎత్తుకున్నారు. ఆ పాట సగం దాటినాక కోడలు నోరు తెరిచినాది. మెల్లగా నమిలినాది. నేను ఇంకో ముక్క తుంచినా.