ఎస్తేరక్క కోరుకున్న పోటీ

మొన్న మా చిన్నదానికి జలుబు చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం వేసి వెచ్చబెట్టాను. ఆ వాసన వంటింట్లో లేచిందో లేదో నా పిక్కలు బిగుసుకున్నాయి. గరిటె పట్టుకుని నిలబడ్డదాన్ని నాకు తెలియకుండానే మడమలు లేపి, దించి, మళ్ళీ లేపి ఊగుతున్నాను. "ఏమైందమ్మా నీకు?" అని పిల్ల అడిగింది. ఏం చెప్పను? ఇరవై ఏళ్ళ కిందట పరుగు పందేల ముందు ఎస్తేరక్క మా ఇద్దరి కాళ్ళకూ రుద్దిన నూనె అది. ఇప్పటికీ ఆ వాసన తగిలితే ఇంకో నిమిషంలో జెండా ఊపుతారన్నట్టు నా గుండె కొట్టుకుంటుంది.

ఎస్తేరక్కను మీరు చూసి ఉండరు. పెద్దమందడి నుంచి వనపర్తికి వచ్చి, మా సందులో బ్లౌజులు కుట్టే చిన్న దుకాణం పెట్టుకున్న మనిషి. నలభైకి దగ్గరపడ్డ వయసు, సన్నటి పొడుగాటి కాళ్ళు, నోరు మాత్రం చాలా పెద్దది. భర్త లారీ మీద పోతే వారం పది రోజులకు గానీ ఇంటికి రాడు. నేను తిమ్మాజిపేట నుంచి కొత్తగా గుమాస్తా ఉద్యోగానికి వచ్చి ఆ దుకాణం పక్క గదిలో అద్దెకు దిగాను. ఆఫీసులో ఫైళ్ళు, గదిలో కిరోసిన్ స్టవ్వు, సెలవు రోజున బట్టల ఉతుకుడు, అంతే నా బతుకు. బడి వదిలాక నేను పరుగెత్తింది బస్సుల వెనక మాత్రమే.

ఒక ఆగస్టు పదిహేను పొద్దున తలస్నానం చేసి బట్టలు ఆరేసుకుంటుంటే ఆమె గబగబా వచ్చి నా రెక్క పట్టుకుంది.

"భాగ్యా, చెప్పులేసుకో. జల్ది."

"యాడికక్కా?"

"ఉరుకనీకి. ఆడోళ్లం ఇద్దరమే ఉన్నం. ముగ్గురు లేకుంటే ఆడోళ్ల పోటీ తీసేస్తరంట."

"నాకు ఉరుకనీకి రాదక్కా."

"రాకుంటే రాకపాయె. లెక్కకు నిలవడు, సాలు."

పందెం పెట్టిన కుర్రాళ్ళు మూడు బహుమతులు కొన్నారట, మూడూ ఇవ్వడానికి ముగ్గురు మనుషులు కావాలట. అలా నేను మూడో బహుమతి స్టీలు డబ్బా కోసం పుట్టిన పరుగు మనిషిని. పరుగు మూడు కిలోమీటర్లే అయినా బ్యానరు మీద మారథాన్ అనే రాశారు. మా వైపు ఆ రోజుల్లో జరిగిన ప్రతి పరుగూ మారథానే. ఫొటో తీసేవాడు మొదటి చౌరస్తాలో నిలబడేవాడు కాబట్టి మగవాళ్ళంతా అక్కడిదాకా ప్రాణాలకు తెగించి ఉరికారు. చౌరస్తా దాటాక సగం మంది మోకాళ్ళు పట్టుకున్నారు, కొందరు నేరుగా మిర్చి బజ్జీల బండి దగ్గరికి తిరిగారు. నేనూ అందరి వెంట పడి ఉరికి, డొక్కలో పోటుతో మిగతా దారంతా నడిచి, ముగ్గురిలో మూడోదాన్నయ్యాను. డబ్బా మాత్రం ఒళ్ళో పెట్టుకుని మురిసిపోయాను.

మొదటి బహుమతి ఎస్తేరక్కది. ఆమె దాన్ని దుకాణంలో ఓ మూల పడేసింది. మొహం ఎందుకలా మాడ్చుకున్నావని అడిగాను.

"ఇద్దరి మీద గెలిసిన. అండ్ల ఒకతి తడి తలతోటి ఉరికింది," అంది. "సిన్నప్పుడు బడిల ఉరుకుతుంటె ఎనక అడుగుల సప్పుడు ఇనవడేది. భయమయ్యేది. ఆ భయం ఉంటెనే ఉరుకుడు. ఇప్పుడు ఏండ్ల సంది ఒక్కదాన్నే ముందర ఉరుకుతున్న, పిచ్చిదాని లెక్క. నువ్వు నేర్సుకో. నేర్సుకొని నన్ను ఓడగొట్టు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

అప్పటినుంచి పొద్దున్నే పెద్దమందడి రోడ్డు మా ఇద్దరిదీ అయింది. దుకాణాల్లో ఆడవాళ్ళు పరుగెత్తే బట్టలు దొరకవు కాబట్టి తనే కుట్టింది. వదులు ప్యాంటు, మోకాళ్ళదాకా వచ్చే చొక్కా, కొంగు గొడవ లేకుండా. మొదటివారం ఒక ఆటో మా పక్కనే ఆగింది. డ్రైవరు పాపం నిజంగా కంగారుపడ్డాడు. "ఎక్కుండ్రి అక్కా. దవాఖానకేనా? ఎవరికేమైంది?" అన్నాడు.

"ఎవరికేం గాలే తమ్మీ. ఉత్తగనే ఉరుకుతున్నం," అంది ఎస్తేరక్క.

ఆ జవాబుతో అతని పరేషాన్ ఇంకా ఎక్కువైంది. ఇద్దరు ఆడవాళ్ళు ఉత్తగనే ఎందుకు ఉరుకుతారు? ఎందుకైనా మంచిదని ఆటోను నెమ్మదిగా మా వెనకే చాలా దూరం నడిపించాడు. నాకు నవ్వు ఆగక ఊపిరి తప్పింది.

ఆమె చెప్పే పాఠం ఒక్కటే. "సురువుల ఉరుకకు. ఫొటోల పడెటోళ్లను పడనియ్. నువ్వు చౌరస్తా దాటినంక సురు చెయ్." అది నా ఒంటికి పట్టడానికి నెలలు పట్టింది. పట్టాక మాత్రం భలే సంబరంగా ఉండేది. ఆ చలికాలం నాగర్‌కర్నూల్ పరుగుకు కాలేజీ పిల్లలు చాలామంది వచ్చారు. చౌరస్తాలో అందరికంటే వెనక ఉన్నదాన్ని ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయాను. సగం దారిలో వెనక్కి తిరిగే చోట, అక్కడిదాకా వచ్చినట్టు గుర్తుగా అరచేతిలో సిరా ముద్ర గుద్దించుకుని చూస్తే ముందు ఎస్తేరక్క ఒక్కతే ఉంది. అందలేదు, రెండోదాన్నయ్యాను. బస్సులో ఆమె పక్క సీటు ముసలాయనకు కూడా చెప్పింది: "ఇయ్యాల నేను ఎనకకు తిరిగి సూసిన తాతా." ఆయనకు ఏం అర్థమైందో గానీ, మంచిదే బిడ్డా అన్నాడు.

తర్వాతి ఏడాది గద్వాల. కోట ముందు నుంచి ఊరి బయటిదాకా పోయి రావాలి. తిరిగేచోట ముద్ర వేయించుకునేసరికి ఆమె నాకు పది అడుగుల ముందుంది. ఆ పది అడుగులు కొంచెం కొంచెంగా తరిగాయి. ఊళ్ళోకి వచ్చేసరికి భుజం భుజం పక్కన ఉన్నాం. దుకాణాల మెట్ల మీద జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. నాలో ఇంకా బలం ఉంది, ఆమె రొప్పుతోంది. గెలుస్తానని నాకు తెలిసిపోయింది. తెలియగానే నా అడుగు నెమ్మదించింది. జ్వరం వస్తే జావ కాచి పోసిన మనిషి, నా ఒంటి మీది చొక్కా కుట్టిన మనిషి, ఇంతమంది ముందు ఎలా?

ఆమెకు వెంటనే తెలిసింది.

"ఏమే... మెల్లగైనవ్? నాకు దానం జేస్తున్నవా?" ఊపిరికీ ఊపిరికీ నడుమ తిట్టింది. "ఉరుకు. ఆగినవంటే... మళ్ల నీ మొఖం సూడ."

ఉరికాను. ఆమె కూడా వదల్లేదు. మళ్ళీ నా పక్కకు వచ్చింది, మోచెయ్యి నా మోచేతికి తగిలింది, నాకు నిజంగా భయం వేసింది. కళ్ళు మూసుకుని ఉరికి తాడును ఛాతీతో తోసేశాను. ఒక్క అడుగు తేడా. చేతులు పైకెత్తి, గద్వాల బజారంతా వినపడేలా కేక పెట్టాను.

ఎస్తేరక్క ఒక మెట్టు మీద కూర్చుని తువ్వాలులో మొహం దాచుకుంది. బస్సెక్కాక కిటికీ వైపు తిరిగింది, ఎర్రవల్లి దాటినా మాట్లాడలేదు. నా సంతోషమంతా ఆవిరైపోయింది. ఆమెను పోగొట్టుకున్నాననే అనుకున్నాను. బీచుపల్లి బ్రిడ్జి మీదికి బస్సు ఎక్కాక, కింద కృష్ణను చూస్తూ అంది:

"ఓడితె లోపల గింత మండుతదా?"

"అక్కా, నేను..."

"నోర్మూసుకో. నేనడిగిందే గద." నా వైపు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి, నోరు నవ్వుతోంది. "ఎనక నీ అడుగులు ఇనవడ్డయి భాగ్యా. మస్తు భయమైంది. ఎన్నేండ్లయిందో గట్లయి."

మరునాడు నేను దర్జాగా ముసుగు తన్ని పడుకున్నాను, గెలిచినదాన్ని కదా. ఇంకా చీకటి విడలేదు, తలుపు మీద దబదబా చప్పుడు. తీస్తే ఎస్తేరక్క, ఒళ్ళంతా చెమట.

"నిన్న గెలిసినవని పండుకున్నవా? నేను పెద్దచెరువు దాక పోయొచ్చిన. ఒచ్చే నెల అలంపూర్ల ఉన్నదంట. సూసుకో."

అలంపూర్‌లో ఆమె నన్ను ఓడించింది. ఆ తర్వాత ఒకసారి ఆమె, ఒకసారి నేను, నాకు బదిలీ అయ్యేదాకా. ఇప్పుడు ఆమె రాయచూరులో ఉంది, నేను నాగర్‌కర్నూల్‌లో. నా మేలు కోరినవాళ్ళు చాలామంది ఉన్నారు. తనను దాటిపొమ్మని నన్ను తిట్టింది ఆమె ఒక్కతే. డిపార్టుమెంటు పరీక్ష పాసైనా, ప్రమోషన్ వచ్చినా, ఏదో ఒకటి గెలిచిన మరునాడు మాత్రం అలారం లేకుండానే నాకు చీకట్లో మెలకువ వస్తుంది. కాసేపు తలుపు వైపు చూసి, లేచి బూట్లు వేసుకుంటాను.