బొట్టు పెట్టుకున్న సిపాయిలు

నిన్న మధురలో మాట్టుతావణి బస్టాండులో బస్సు దిగేసరికి ఆటోలన్నీ కడిగి, ముందర అరటి పిలకలు కట్టి, అద్దాలకు గంధం కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఆయుధ పూజ. ఊరంతా కళకళలాడుతుంటే నాకు మాత్రం ఒళ్లు మండింది. నన్నెక్కించుకున్న ఆటో అతను బొట్టు చెరగకుండా దాని చుట్టూ అద్దం తుడుస్తున్నాడు, ఏం మర్యాదో! ఇంటిదాకా ఆ బొట్టును చూస్తూ పళ్లు నూరుకుంటూనే వచ్చాను. పాపం అతని తప్పేమీ లేదు. ఈ కోపం మా మేనత్త మీద, అదీ ఎన్నో ఏళ్ల కిందటిది.

నాకో వ్యసనం ఉంది. బొటనవేలంత సిపాయి బొమ్మలు తెప్పించుకుని, భూతద్దం కింద పెట్టుకుని రంగులు వేస్తాను. తాగుడైతే మాన్పించవచ్చు, దీనికి మందెక్కడుందని నా భార్య ఇంటికొచ్చిన వాళ్లందరి దగ్గరా మొరపెట్టుకునేది. బజారులో గొడ్డలి పట్టిన మరుగుజ్జులూ, నిప్పులు కక్కే రెక్కల పాములూ ఎన్నైనా దొరుకుతాయి. ఎప్పుడో గుర్రాలెక్కి మధురకు వచ్చిన మన తెలుగు రౌతులు మాత్రం ఏ కంపెనీ వాడికీ పట్టలేదు. అందుకని పరదేశపు రౌతులను కొని, టోపీలు గీకేసి, మెత్తటి ముద్దతో తలపాగాలు చుట్టి, మీసాలు దిద్ది మనవాళ్లను చేసుకునేవాణ్ణి. ముఖం మిరియపు గింజంత. అందులో కళ్లు పెట్టాలి. ఊపిరి బిగబట్టి ఒక కన్ను పెడితే, రెండోది పెట్టే సమయానికి వంటింట్లో కుక్కర్ కూత పెట్టేది, నా సేనాపతికి, మా దళవాయికి, మెల్లకన్ను వచ్చేది. చెరపడం, మళ్లీ మొదలు.

ఆ ఏడు నా అదృష్టం పండిందనుకున్నాను. కోయంబత్తూరులో ఈ పిచ్చి ఉన్నవాళ్లంతా కలిసి ప్రదర్శన పెట్టుకుంటూ, నీ సైన్యాన్ని కూడా తీసుకురమ్మని మొదటిసారి పిలిచారు. విజయదశమి నాడు. ఇంట్లో అందరూ ఆట, ఆట అని కొట్టిపారేసిన పనిని తెలిసినవాళ్లు ఒక్కసారి పని అని ఒప్పుకుంటే నాకు చాలు. రౌతులందరూ సిద్ధమయ్యారు, దళవాయికి రెండు కళ్లూ సరిగ్గా కుదిరాయి. రంగు ఆరాక పైన వార్నిష్ పూత ఒక్కటే మిగిలింది. ముందురోజు, సాయంత్రం వేద్దామని బల్ల మీద వదిలి, నేను పనిచేసే మిల్లులో ఆయుధ పూజకు వెళ్లాను.

మా మేనత్త, అంటే నాన్నకు అక్క, నవరాత్రులకు వాడిపట్టి నుంచి వచ్చి దీపావళి దాకా మా ఇంట్లోనే ఉండేది. పూజ పెత్తనమంతా ఆవిడదే. నేను తిరిగొచ్చేసరికి పూజగదిలో మిల్లు స్పానర్లు, కత్తిపీట, నా భార్య కుట్టుమిషను, వాటి ముందు వరుసగా నా సైన్యం. పళ్లెంలో నా కుంచెలు. అన్నిటికీ గంధం, కుంకుమ. మిరియపు గింజంత ముఖానికి బొట్టు పెడితే ఇక ముఖమెక్కడిది? గుర్రాలకూ పెట్టింది. నా బల్ల మీదున్న ఒక్క రెక్కల పామును కూడా వదల్లేదు.

"అత్తా, ఏం చేస్తివి!" అని అరిచాను.

"ఏమిరా అరుస్తావు? కత్తులు పట్టుకోనుండారు కదా, వాళ్లకి బొట్టు లేకుండా యెట్ల? పావం!"

తడిగా ఉండగానే తుడిచేద్దామని చెయ్యి చాపాను. చేతి మీద ఒక్కటేసింది. "తొడాదే! రేపు పునర్‌పూజ అయ్యేదాకా యెత్తరాదు. సామి కుత్తం అవుతాది. నల్ల నేరం పొద్దెక్కినాకనే ఉండాది."

సామి కుత్తం అంటే దేవుడికి అపచారం, నల్ల నేరం అంటే మంచి ఘడియ. అది ఎప్పుడూ నా బస్సు వెళ్లిపోయాకే వస్తుంది. అత్త సుండల్ గుగ్గిళ్ల గిన్నె ఒళ్లో పెట్టుకుని గడప దగ్గరే కాపలా కూర్చుంది. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. గంధం నా కళ్లముందే బిగుసుకుపోతుంటే చేతులు కట్టుకుని చూశాను. మర్నాడు గీకితే బొట్టుతో పాటు రంగూ, రంగుతో పాటు కళ్లూ ఊడివచ్చాయి. సన్నకుంచె మొన చీపురులా విచ్చుకుపోయింది. కోయంబత్తూరు వెళ్లలేదు.

"సరే, సిపాయిలకు కత్తులున్నాయి. కుంచెలేం పాపం చేసినాయి?" అని అడిగాను.

"తొళిల్ సామాను కదరా పూజలో పెట్టేది. మిల్లు స్పానర్ పెడితిని, నీ కుంచె పెట్టకుంటే నువ్వు సుమ్మా ఆడుకుంటా ఉండావని కదా అర్థం?"

సుమ్మా అంటే ఊరికే. తొళిల్ అంటే మా ఇళ్లల్లో వృత్తి, అన్నం పెట్టే పని. ఆ ఇంట్లో నా పనిని పని అన్న మనిషి ఆవిడ ఒక్కతే, దాన్ని సర్వనాశనం చేసిందీ ఆవిడే. తిట్టనా, దణ్ణం పెట్టనా? రెండూ చేయలేక అన్నం మానేశాను. ఆవిడ మాత్రం శుభ్రంగా తినింది.

రౌతులందరికీ తర్వాత మళ్లీ రంగులేశాను. దళవాయిని అలాగే ఉంచాను, ముఖం నిండా బొట్టుతో. అత్త పోయింది. నిన్న నా భార్య పూజలో కత్తిపీట పెట్టింది, కుట్టుమిషను పెట్టింది. నా కుంచెలు బల్ల మీదే ఉండిపోయాయి, శుభ్రంగా, మొనలు సూదుల్లా. వాటిని ఎవరూ అడగలేదు. కాలం చేసే పని నాకెప్పుడూ నచ్చదు. పోట్లాడాల్సిన మనిషిని ముందు పట్టుకుపోయి, కోపాన్ని మాత్రం నా దగ్గరే వదిలేసి పోతుంది.