మేస్త్రిగారి సుత్తి గుర్తులు

మా మేస్త్రిగారు రెండు నెలలు ఏలూరు ఆసుపత్రిలో మంచాన ఉండి కన్నుమూశారు. మట్టి చేసి వచ్చిన మర్నాడే మా షెడ్డు యజమాని, విరిగిన షాఫ్టు తెచ్చిన మండవల్లి రైతుతో నలుగురి ముందూ అన్నారు: "ఇది మేస్త్రి పనితనమేనండీ. ముసలాయన చెయ్యి వణికింది." రైతు నమ్మి వెళ్ళాడు. అది అబద్ధం. పోయిన మనిషి వచ్చి చెప్పుకోలేరు కాబట్టి నేను రాస్తున్నాను.

తాడేపల్లిగూడెం దగ్గర మా షెడ్డులో చేపల చెరువుల ఏరేటర్లు బాగుచేస్తాం. రేయింబవళ్ళు నీటిని చిలికే ఆ యంత్రంలో తిరిగే ఉక్కు కడ్డీయే షాఫ్టు. లావు తగ్గి సన్నబడే మెడ దగ్గర అది విరుగుతుంది. మేస్త్రిగారు ఆ మెడ చుట్టూ గుండు తల సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేసేవారు. ఒక గుంట అంచు ఇంకో గుంటకి తగలాలి. మధ్యలో ఖాళీ ఉండకూడదు.

నేను ఐటీఐ గడప తొక్కలేదు. ఫోన్లో వీడియోలు చూసి వెల్డింగ్ నేర్చుకున్నవాణ్ణి. "కొడితే ఇనుము బలహీనపడదా అండీ?" అని మొదటిరోజే అడ్డంగా అడిగాను.

"దెబ్బకి పైపొర సాగబోద్ది. లోపలి ఇనుము సాగనివ్వదు. దాంతో పైపొర నొక్కుకుని బిగుసుకుపోద్ది. పగులు నోరు తెరవాలంటే చోటు కావాలి బాబూ. ఆ చోటు ఇవ్వకూడదు," అన్నారు.

తర్వాత ఇంజినీర్ల వీడియోలు వెతికి చూశాను. వాళ్ళు చెప్పిందీ ఇదే, కాకపోతే ఇంత తేటగా చెప్పలేదు.

ఆయనది కొల్లేటికోట. చెమటకి జారకుండా సుత్తి పిడికి వల దారం చుట్టుకునేవారు. పనయ్యాక కళ్ళు మూసుకుని బొటనవేలి గోరు షాఫ్టు మీద నడిపేవారు. గోరు ఎక్కడైనా సాఫీగా జారిందా, మళ్ళీ సుత్తి. నేను ఎవరిమీదో మండిపడుతూ కొడుతుంటే సుత్తి లాక్కునేవారు. "కోపంతో కొడితే గుంట లోతవుద్ది. పగులు అక్కడే పుడుద్ది. పోయి చల్లారి రా."

యజమానికి ఆ గుంటలంటే గిట్టదు.

"ఏవండీ మేస్త్రిగారూ, షాఫ్టుకి అమ్మవారు పోసినట్టుందండీ. చూసినోళ్ళు కొంటారా?"

"నున్నటిదాన్ని ఫొటో తీసుకోండి. చెరువులోకి మాత్రం దీన్నే దింపండి."

షెడ్డంతా నవ్వింది. యజమాని కూడా నవ్వారు.

కానీ మేస్త్రిగారు ఆసుపత్రిలో చేరగానే, ఆయన చేసిపెట్టిన చివరి షాఫ్టుని మెరిసేలా చెయ్యమన్నారు యజమాని. గ్రైండర్ పట్టింది నేనే. గుంటలన్నీ అరగదీశాను. అద్దంలా వచ్చింది. చెప్పిన పని చేశానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. విరిగి వచ్చింది అదే షాఫ్టు. ముక్క పట్టుకుని చూశాను. పగులు సరిగ్గా గ్రైండర్ గీత దగ్గర పుట్టి, అలలు అలలుగా లోపలికి పాకింది.

యజమానిగారూ, మీరిది చదువుతారని తెలుసు. ఆదివారం చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక. ఈలోగా మండవల్లి రైతుకి ఫోన్ చెయ్యండి. తప్పు మేస్త్రిగారిది కాదని, గుంటలు మనమే అరగదీశామని చెప్పండి. నా పేరూ చెప్పండి. లేదంటే ఆ ముక్క పట్టుకుని కూడికలో మేస్త్రిగారి పిల్లల ముందు నేనే చెబుతాను.

ఆ రైతుకి కొత్త షాఫ్టు చేశాను. నా కోపం చల్లారాకే సుత్తి పట్టాను. వల దారం మీద ఆయన వేళ్ళకి అరిగిన చోటే నా వేళ్ళు పడ్డాయి. మెడ చుట్టూ గుంటలు, అంచుకి అంచు తగులుతూ, ఎండలో చేప పొలుసుల్లా ఉన్నాయి. దానికి రంగు వెయ్యను. మీరు ఫోన్ చేసేదాకా బల్ల మీద అలాగే ఉంటుంది. శనివారం సాయంత్రం షెడ్డు మూసేదాకా చూస్తాను.