పెదనాన్న చూసిన మచ్చ

పెదనాన్న పోయారని హాస్టల్‌కి ఫోన్ వచ్చింది. గుండెపోటు అన్నారు. నేను బస్సెక్కి ఊరు చేరేసరికి కల్లంలో మిరపకాయలు అలాగే పరచి ఉన్నాయి. తిరగేసేవాళ్లు లేరు.

ఆయన వైమానిక దళంలో రాడార్ తెర ముందు పనిచేశారు. ఎక్కడో పడమటి సరిహద్దులో, ఒక చలికాలం సాయంత్రం, ఏ విమానమూ రావలసిన వేళ కాదు, తెర మీద ఒక మచ్చ కదిలిందట. పక్షులై ఉంటాయిలే అన్నారు పక్కవాళ్లు. ఈయన పైఅధికారికి చెప్పారు. యుద్ధవిమానం లేచి వెళ్లింది. అవి గూడబాతులని పైలట్ తిరిగొచ్చి చెప్పాడు. అందరూ నవ్వారు. కొన్నాళ్లకు మళ్లీ మచ్చ కనిపించింది, మళ్లీ చెప్పారు. ఈసారి పైలట్‌కు ఆకాశంలో ఏమీ కనిపించలేదు. అదేమిటో చివరిదాకా తేలలేదు.

రిటైరై వచ్చేసరికి ఈ కథ ఆయనకంటే ముందే ఊరు చేరింది. టీకొట్టు దగ్గర బావమరిది వరసాయన కేకేసేవాడు.

"ఏం బావా, ఇవాళ ఎన్ని కొంగల్ని పట్టావు?"

"ఒక్కటే దొరికిందిరా. అదిగో, పంచె కట్టుకుని టీ తాగుతోంది."

సాయంత్రాలు మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. పైన ఏది ఎగిరినా "ఏమిటమ్మా అది?" అని నన్ను అడిగేవారు. తెలియకపోతే తెలియదనాలి. 'ఏదో ఒకటి' అంటే ఒప్పుకునేవారు కాదు. క్లాసులో సందేహం అడగడానికి నాకు సిగ్గని తెలిసి ఒకసారి అన్నారు: "నవ్వితే నవ్వనీ. కుర్చీలో కూర్చుని తేల్చేయకూడదమ్మా. ఎవరో ఒకరు వెళ్లి చూడాలి."

పోయిన నెల నేను ఇంటికి వెళ్లినప్పుడు, మేడ మెట్ల మధ్యలో ఆగిపోయారు. చెయ్యి ఛాతీ మీద ఉంది.

"ఏమైంది పెదనాన్నా?"

"గ్యాసులేమ్మా."

"డాక్టరుకి చూపించుకోండి. కూర్చుని తేల్చకూడదని మీరేగా అన్నారు."

నవ్వారు. "దీనికి కూడా విమానం పంపాలా?"

పెద్దమ్మ కూడా పోరింది. కాయలు బస్తాలకెత్తాక గుంటూరు వెళ్లి చూపించుకుంటానన్నారు.

సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చిన సాయంత్రం మేడ ఎక్కాను. కుర్చీ ఆయన వేసుకున్నట్టే ఉంది. ఎర్రటి కల్లం మీదుగా, చాలా ఎత్తున, ఏవో వరసగా వస్తున్నాయి. ఏమిటని అడిగేవాళ్లు లేరు. మిరప ఘాటుకు కళ్లు మండుతున్నా, అవి కిందికి దిగి దగ్గరయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను.

"గూడబాతులే, పెదనాన్నా" అన్నాను, పైకే. కుర్చీ మీదుగా వాటి నీడలు ఒక్కొక్కటే దాటిపోయాయి.