పిన్ని పేరున్న క్యారేజీ

నిన్న హైదరాబాద్‌లో ఉన్న చెల్లికి జ్వరమని తెలిసి ఫోన్‌లోనే భోజనం ఆర్డర్ పెట్టాను. క్షణంలో పనైపోయింది. అప్పుడే పాత స్టీలు క్యారేజీ ఒకటి గుర్తొచ్చింది. మన ఇళ్ళలో గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించేవారు, మీకూ గుర్తుందా?

నేను ఆరో తరగతిలో ఉండగా బాబాయికి నరసరావుపేటలో ఆపరేషన్ అయింది. అప్పటికి పొలం గట్టు గొడవతో నాన్నకీ ఆయనకీ మాటల్లేవు. అయినా అమ్మ మెత్తటి అన్నం, బీరకాయ పప్పు క్యారేజీలో సర్దింది. నాన్న బండి తీశారు. దారంతా నా ఒళ్ళో క్యారేజీ వెచ్చగా ఉంది. ఆసుపత్రిలో నాన్న వరండాలోనే ఆగిపోయి నన్ను లోపలికి పంపారు.

క్యారేజీ అందుకున్న పిన్ని మూత మీద తన పేరు చూసుకుంది.

"ఏమే, ఇది మాదే గదా. ఇన్నాళ్ళూ మీ ఇంట్లోనే ఉందా?"

నాకు సిగ్గేసింది. మంచం మీద బాబాయి నవ్వబోయి కుట్లు పట్టుకున్నాడు.

"గట్టు కోసం అంత అరుచుకున్నాం, దీని సంగతి ఎవరికీ గుర్తు రాలా. మీ నాన్నేడమ్మా?"

"బయట ఉన్నారు."

"అన్నం తిన్నాడో లేదో కనుక్కో."

నేను వరండాలోకి వెళ్ళి అడిగాను.

"లేదని చెప్పు" అంటూ నాన్న నాకంటే ముందే లోపలికి నడిచారు.