పదిహేను పదాల్లో రెండు

డిగ్రీ పిల్లల సైకాలజీ ప్రాక్టికల్ రికార్డులు దిద్దడం కంటే విసుగు పుట్టించే పని ఇంకొకటి ఉందంటే నేను నమ్మను. తాడేపల్లిగూడెంలో పదిహేడేళ్లుగా ఈ పాఠమే చెబుతున్నాను. రోజూ ఏలూరు నుంచి రైల్లో వెళ్లి వస్తాను. వచ్చేటప్పుడు ఒళ్లో ఓ రికార్డుల కట్ట ఉంటుంది. ఏటా అవే అట్టలు, అవే గ్రాఫులు, అవే అబద్ధాలు.

జ్ఞాపకశక్తి ప్రయోగం చాలా తేలిక. పదిహేను మామూలు పదాలు వరసగా రాసుకోవాలి. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టి ఒక్కొక్కటే చదవాలి. గుర్తున్నవి చెప్పమనాలి. ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ అడగాలి. చివర్లో, ఇదంతా జరుగుతుంటే ఎలా అనిపించిందో ఆ మనిషినే అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయాలి. దీనికి కావలసిందల్లా ఒక మనిషి, ఒక గడియారం, ఓ అరగంట తీరిక. ఆ అరగంట మా పిల్లలకు దొరకదు. సీనియర్ల రికార్డు మాత్రం దొరుకుతుంది.

అందుకని మా కాలేజీలో ఏటా నలభై ఇళ్లలో నలభై మంది సరిగ్గా పదకొండు పదాలే గుర్తుపెట్టుకుంటారు. నలభై మందికీ "ఉత్సాహంగా" అనిపిస్తుంది. అందరూ గాలీ వెలుతురూ ఉన్న గదిలో ప్రశాంతంగా కూర్చుంటారు. ఒకసారి ఒకమ్మాయి, పాత రికార్డులో నేను ఎర్ర ఇంకుతో రాసిన "గ్రాఫ్ సరిగా లేదు" అన్న వాక్యాన్ని కూడా నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో ఎక్కించుకొచ్చింది. పైగా స్కేలు పెట్టి దాని కింద గీత కూడా గీసింది. తిట్టడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

ఒక ఏడాది మాత్రం పట్టుబట్టాను. "ఎవరింట్లో వాళ్లు చేసుకురండి. తక్కువొస్తే తక్కువొచ్చిందని రాయండి" అని మూడు క్లాసుల్లో మూడుసార్లు చెప్పాను. మనం అనుకున్నదానికి సరిపోని అంకె వచ్చినంత మాత్రాన దాన్ని పారెయ్యకూడదని, పరిశోధనలో మొదటి మర్యాద అదేనని బోర్డు మీద రాసి మరీ చెప్పాను. వెనక బెంచీల వాళ్లు బోర్డును ఫోన్లో ఫోటో తీసుకున్నారు. రాసుకోవడం కూడా మానేశారు కదా ఈ మధ్య.

రెండు వారాల తర్వాత రికార్డులు వచ్చాయి. ముప్పై తొమ్మిదింటిలో మళ్లీ అదే పదకొండు, అదే ఉత్సాహం. నలభయ్యోది కలిదిండి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయిది. తండ్రి చేపల చెరువుల దగ్గర మేత వేసే పని చేసేవాడు. తల్లి ఊళ్లోని చర్చిలో ఆదివారం పిల్లలకు పాఠాలు చెప్పేది. ఎన్నేళ్లయినా చెరిగిపోని జ్ఞాపకాల గురించి నేను క్లాసులో చెబుతున్నప్పుడు ఆ అమ్మాయే లేచి, "మా అమ్మకి కీర్తనలన్నీ నోటికొచ్చండి మేడమ్" అంది గర్వంగా.

అలాంటి తల్లిని కూర్చోబెట్టి ప్రయోగం చేసి ఆ అమ్మాయి రాసుకొచ్చింది ఇదీ. వెంటనే అడిగితే పదిహేను పదాల్లో రెండు. ఇరవై నిమిషాల తర్వాత సున్నా. ఎలా అనిపించింది అన్నచోట, "భయమేసింది అంది. మధ్యలో ఏడ్చింది. పదాలు ఎప్పుడు చదివావు అని అడిగింది" అని ఉంది.

నాకు ఒళ్లు మండింది. కాపీ కొట్టినవాళ్లు నయం, వాళ్ల అబద్ధానికి ఓ తీరూ తెన్నూ ఉంది. ఆ అమ్మాయిని స్టాఫ్ రూముకి పిలిపించాను.

"కీర్తనలన్నీ నోటికొచ్చిన మనిషికి పదిహేను పదాల్లో రెండేనా? అబద్ధం రాసినా అతికినట్టు రాయాలి కదమ్మా."

"అబద్ధం కాదండి మేడమ్. అమ్మకి నిజంగానే..."

"పదాలు చదివితే ఎవరైనా ఏడుస్తారా? నిన్ను కథ రాయమన్నానా?"

ఆ అమ్మాయి తల దించుకుని, "రెండుసార్లు చేశానండి. రెండోసారీ అంతేనండి" అంది.

"అయితే నువ్వే గబగబా చదివేసి ఉంటావు. అలా రావడం జరగదు. మళ్లీ చేసుకురా."

పేజీ మీద అడ్డంగా ఎర్ర గీత గీసి ఇచ్చేశాను.

ఎప్పుడో వల్లించినవి చెక్కుచెదరకుండా ఉండి, ఇందాక విన్నది మాత్రం నిలవకపోవడం ఎప్పుడు జరుగుతుందో నాకు తెలియనిది కాదు. దాని మీద ఏటా రెండు క్లాసులు చెబుతాను. పరీక్షలో పది మార్కుల ప్రశ్న కూడా ఇస్తాను. ఆ రోజు మాత్రం అది నా బుర్రకు తట్టలేదు. అంతమంది అబద్ధాలు చూసీ చూసీ, నిజం కూడా నా కంటికి చేతకాని అబద్ధంలాగే కనిపించింది.

సోమవారానికి కొత్త పేజీ వచ్చింది. వెంటనే పదకొండు, ఇరవై నిమిషాల తర్వాత తొమ్మిది. ఉత్సాహంగా అనిపించింది. "ఇప్పుడు బాగుంది" అని సంతకం పెట్టాను. ప్రాక్టికల్ పరీక్షకు బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ రికార్డును ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

మార్చిలో ఆ అమ్మాయి మూడు వారాలు కాలేజీకి రాలేదు. వచ్చిన రోజున నేను అటెండెన్సు గురించి అందుకోబోతుంటే, "అమ్మ తప్పిపోయిందండి మేడమ్" అంది. చర్చి తుడిచి ఇంటికి బయల్దేరిన మనిషి, ఇరవై ఏళ్లుగా నడుస్తున్న దారి తెలియక చెరువు గట్ల వెంట నడిచిపోయిందట. మూడూళ్ల అవతల రొయ్యల చెరువు కాపలావాళ్లు చూసి కూర్చోబెట్టారట. ఏలూరు తీసుకొచ్చి చూపిస్తే, ఇంతాలస్యం ఎందుకు చేశారని డాక్టరు కోప్పడ్డాడట. ముందే వస్తే మందులు ఇంకాస్త పనిచేసేవని కూడా అన్నాడట.

"దసరా సెలవుల్లోనే ఆస్పత్రికి తీసుకెళ్దామన్నాడండి నాన్న. నేనే వద్దన్నానండి. అలా రావడం జరగదని మేడమ్ చెప్పారు, నేనే సరిగ్గా చదవలేదు, అమ్మకేం కాలేదు అని చెప్పాను. నాన్న చదువుకోలేదు కదండీ. నా మాట నమ్మాడు."

ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది. అటెండెన్సు సంగతి నేను చూసుకుంటానన్నాను. ఇంటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ ఆదివారం వాళ్ల ఊరు వెళ్లాను. కైకలూరు దాకా బస్సు, అక్కడి నుంచి చేపల మేత బస్తాల మధ్య ఇరుక్కుని ఆటో. దారి పొడుగునా, ఈ మాట ఫోన్లో చెప్పేస్తే పోయేది కదా అని నన్ను నేనే విసుక్కున్నాను. తండ్రి కుర్చీ వేసి టీ ఇచ్చాడు. తల్లి చక్కగా జడ వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. చూస్తే ఏ జబ్బూ ఉన్నట్టు లేదు.

"మీరెవరండీ? కాలేజీ నుంచి వచ్చారా? మా అమ్మాయి బాగా చదువుతుందాండీ?" అని అడిగింది.

"బాగా చదువుతుందండి. ఉన్నది ఉన్నట్టు రాసింది. నేనే నమ్మలేదు. మిమ్మల్ని ఆస్పత్రిలో చూపించడం ఆలస్యమైంది నా వల్లేనండి."

ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది. "పోన్లెండి. ఒప్పుకున్నారు కదా. అంతమంది పిల్లలతో మీకూ విసుగే కదండీ, పాపం."

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం తేలికపడింది. వచ్చిన పని అయిపోయిందనుకున్నాను. టీ తాగి గ్లాసు కింద పెట్టేలోగా ఆవిడ నావైపు తిరిగి, అంతే మర్యాదగా, "మీరెవరండీ? కాలేజీ నుంచి వచ్చారా? మా అమ్మాయి బాగా చదువుతుందాండీ?" అంది.

మళ్లీ చెప్పాను. మళ్లీ క్షమించింది. క్లాసులో ఒక మాట రెండోసారి అడిగితే కస్సుమనే మనిషిని, ఆ మధ్యాహ్నం ఐదుసార్లు మొదట్నుంచీ చెప్పాను. ఐదుసార్లూ ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి, పోన్లెండి అంది. మూడోసారి నుంచి నాకు చెప్పడం సులువైపోయింది కూడా. సిగ్గుచేటే, కానీ జరిగింది అదే.

ఆరోసారి నేను నోరు తెరవబోతుంటే, గుమ్మం దగ్గర నిలబడి ఉన్న అమ్మాయి లోపలికొచ్చి నా కుర్చీ పక్కనున్న ఖాళీ గ్లాసు తీసుకుంది.

"ఇంక చాలండి మేడమ్," అంది గొంతు పెంచకుండా. "అమ్మ ఎలాగూ మర్చిపోద్ది. అన్నిసార్లూ వింటున్నది నేను కదండీ."

తల్లికి ఐదుసార్లు చెప్పుకున్న తప్పు, కూతురికి నేను ఒక్కసారి కూడా చెప్పుకోలేదు.